బలము పెంచిన కారునకు తగిన క్లచ్చు

రెండు ఇత్తడి పళ్లెములను ఒకదానిపై నొకటి ఉంచి, గట్టిగా అదిమి, పైదానిని త్రిప్పి చూడుడు. క్రింది పళ్లెము కూడ తిరుగును. అదుముట తగ్గించినచో పైది జారి, తానొక్కటే తిరుగును. కారులోని క్లచ్చు చేయు పని ఇంతియే. ఇంజను వెనుక ఫ్లైవీలను బరువైన చక్రము గలదు. దానికిని, స్ప్రింగు బలముతో నొక్కు ప్రెషరు ప్లేటునకును నడుమ క్లచ్చు ప్లేటు ఇమిడియుండును. డ్రైవరు ఎడమకాలితో పెడలు త్రొక్కగనే ఒత్తిడి తొలగి, ఇంజనునకు చక్రములతో సంబంధము తెగును.

కారు చేయువారు తమ ఇంజను బలముకంటె కొంత మిగులుగా క్లచ్చును అమర్చుదురు. యజమాని ఇంజను బలమును పెంచినచో ఆ మిగులు చాలకపోవును. 1989లో అమెరికాలోని షికాగో ప్రదర్శనమున మొదట చూపబడిన మాజ్డా మియాటానే తీసికొందము. ఇది జపానులోని హిరోషిమాలో తయారైన రెండు సీట్ల కారు. టన్నుకంటె తక్కువ బరువు గలది. అమెరికాలో దీనికి టర్బో అమర్చుకొనువారు పెక్కురు. టర్బో యనగా ఇంజను విడుచు పొగ వేగముచే తిరిగి, బయటి గాలిని ఇంజనులోనికి ఒత్తిడితో నెట్టు పంపు. ఆ కారులోని 1.6 లీటర్ల ఇంజను త్రిప్పుబలము 136 న్యూటన్ మీటర్లు. టర్బో వలన అది 200 అయినదనుకొందము. అప్పుడు పాత క్లచ్చు జారసాగును. ఇంజను రొద హెచ్చును గాని వేగము హెచ్చదు. కాలిన వాసన వచ్చును.

దీనికి సులభమైన చికిత్స ఆ కుటుంబములోనే కలదు. 1.6 లీటర్ల కారులో ప్లేటు వ్యాసము 200 మిల్లీమీటర్లు. 1993లో వచ్చిన 1.8 లీటర్ల కారులో 215. ఆ పెద్ద క్లచ్చును దాని ఫ్లైవీలుతో సహా పాత ఇంజనునకు బిగింపవచ్చును. వ్యాసము పెరిగినకొలది, అదే ఒత్తిడికి పట్టు అధికమగును.

అదియు చాలనిచో గట్టి స్ప్రింగు గల ప్రెషరు ప్లేటును వేయుదురు. అయితే పెడలు బరువెక్కును. క్షణక్షణము ఆగుచు కదలుచు పోవు నగరపు వీధులలో కాలు నొచ్చుటే గాక, త్రొక్కిన ప్రతిసారి క్రాంకుషాఫ్టు ముందునకు నెట్టబడి, ఆ త్రోపును మోయు బేరింగు త్వరగా అరుగును.

ఇక ప్లేటుపై అతికించు పదార్థము. పూర్వము ఆస్‌బెస్టాసు వాడిరి. దాని ధూళి ఊపిరితిత్తులకు హానిచేయునని తెలిసి పెక్కు దేశములలో మానివేసిరి. నేడు సాధారణ కార్లలో నారలను జిగురుతో కలిపి చేసిన పూత యుండును. అది మెల్లగా పట్టును. పందెపు కార్లలో రాగి, సెరామిక్ పొడులను కలిపి కాల్చిన బిళ్లలుండును. ఇవి వేడికి బెదరవు, కాని పట్టినచో ఒక్కసారిగా పట్టును. పందెపు కారు రోజంతటిలో ఎన్నిసార్లు నిలిచి బయలుదేరును? వీధి కారు మాట వేరు. ఏటవాలు దారిలో, వెనుక మరియొక బండి ఆనుకొనియుండగా, ఇట్టి క్లచ్చుతో కదలుట మిక్కిలి కష్టము. కారు ఎగిరిపడును, లేదా ఇంజను ఆగిపోవును.

అంతకంటె గొప్ప చిక్కు మరియొకటి గలదు. క్లచ్చు కొంచెము జారుట వలననే అదురు మెత్తబడును. ఎంతమాత్రము జారని క్లచ్చు ఆ అదురునంతయు వెనుకకు పంపును. 1.6 లీటర్ల మియాటాలో వెనుక చక్రములను త్రిప్పు డిఫరెన్షియల్ చిన్నది. మొదట విరుగునది తరచుగా అదియే. కావున 200 న్యూటన్ మీటర్ల ఇంజనునకు 250 లేక 260 మోయగల క్లచ్చు చాలును. 500 మోయునదని ప్రకటించినదానిని కొనుట, నా దృష్టిలో, డబ్బిచ్చి చిక్కు తెచ్చుకొనుటయే.

క్లచ్చుతోపాటు కొందరు పాత పోతయినుము ఫ్లైవీలును తరిగించి తేలిక చేయింతురు. ఇది ప్రమాదకరము. నిమిషమునకు 7,000 సార్లు తిరుగునపుడు అది పగిలెనా, ముక్కలు నేలరేకును చీల్చుకొని డ్రైవరు కాళ్లకు తగులును. తేలికది కావలెనన్నచో ఉక్కుతో చేసినదానినే కొనవలెను.

క్రొత్త క్లచ్చు వేసిన పిమ్మట మొదటి 800 కిలోమీటర్ల వరకు ఇంజను పూర్తి బలమును వాడక, ఊరి వీధులలోనే నెమ్మదిగా నడుపుదురు. ఆ నడకలో ప్లేటును ఫ్లైవీలును ఒండొంటితో రాచుకొని సమముగా అమరును.