తలుపు గంట మోగి, బయట ఎవరూ లేనప్పుడు

గత సంవత్సరం అక్టోబరు చివరి వారంలో ఇంగ్లండు నుండి మా కార్యాలయానికి ఒక ఫోను వచ్చింది. ఫోను చేసినవారు కడప ప్రాంతానికి చెందిన ఒక తల్లి, మా పాత పాఠకురాలు. వైద్యుడైన భర్త వెంట నలభై ఏళ్ల క్రితం ఆ దేశం వెళ్లి అక్కడే స్థిరపడ్డారు. భర్త చనిపోయారు. కూతురు లండనులో, కొడుకు కెనడాలో ఉంటున్నారు. ఆమె వయసు డెబ్బై దగ్గరపడుతోంది. పత్రికను ఇకమీదట తన చిరునామాకు కాక కూతురి చిరునామాకు పంపమని కోరారు. కారణం అడిగితే చాలాసేపు చెప్పలేదు. చివరకు, "తలుపుకున్న ఉత్తరాల రేకు చప్పుడైతే గుండె దడదడలాడుతోంది బాబూ. అది పత్రికే అయినా సరే" అన్నారు.

ఆమె ఉండేది వరుస ఇళ్ల వీధి. వేసవి సెలవుల నుండి కొందరు కుర్రాళ్లు సాయంత్రం పూట ఆమె ఇంటి ముందున్న పొట్టి గోడ మీద చేరసాగారు. మొదట తలుపు గంట నొక్కి పారిపోయేవారు. అది అక్కడి పిల్లలు తరతరాలుగా ఆడుతున్న ఆటే. ఆ తర్వాత చెత్తడబ్బాలను రోడ్డు మీదికి లాగారు. పూలకుండీ పగిలింది. ఒక రాత్రి కిటికీ అద్దం మీద కోడిగుడ్లు పడ్డాయి. మరొక రాత్రి ఉత్తరాల రేకులోంచి తడి ఆకులు, మట్టి లోపలికి తోశారు. ఆమె ముందుగదిలో దీపం వెలిగించడం మానుకున్నారు. మగ్రిబ్ నమాజు వెనుక గదిలోకి మారింది. ఇంటికి పది నిమిషాల నడక దూరంలో ఉన్న మస్జిదుకు జుమా రోజున వెళ్లడం ఆగిపోయింది. అయినా కూతురు రోజూ ఫోను చేసి అడిగితే ఆమె చెప్పిన సమాధానం ఒక్కటే: "అల్హమ్దులిల్లాహ్, అంతా బాగానే ఉంది."

గుడ్ల మరక కడిగితే పోతుంది, కుండీ కొత్తది కొనుక్కోవచ్చు. కాని ఒక వృద్ధురాలు తన ఇంట్లో తానే గది తరువాత గది వదులుకుంటూ వెనక్కి జరగడం మామూలు నష్టం కాదు. ఆమె ఎందుకు చెప్పలేదో కూడా మేము అడిగి తెలుసుకున్నాము. చెబితే పిల్లలు ఇల్లు అమ్మేయమంటారు, లేదా వృద్ధుల వసతిగృహం మాట ఎత్తుతారు అన్నది మొదటి భయం. పోలీసులను పిలిస్తే కుర్రాళ్లు ఇంకా రెచ్చిపోతారన్నది రెండవది. మూడవది మమ్మల్ని ఎక్కువగా ఆలోచింపజేసింది. తాను సబ్ర్ పాటిస్తున్నానని ఆమె అనుకున్నారు.

సహనం గొప్ప గుణమే. అయితే పొరుగువాని వేధింపు గురించి దైవప్రవక్త ముహమ్మద్ (స) సన్నిధికి వచ్చిన ఒక మనిషి సంఘటన అబూ దావూద్ హదీసు గ్రంథంలో ఉంది. అతను మొదట వచ్చినప్పుడు వెళ్లి ఓపిక పట్టమన్నారు. మళ్లీ మళ్లీ వచ్చి మొరపెట్టుకున్నప్పుడు మాత్రం ఇంటి సామాను తెచ్చి వీధిలో పెట్టమన్నారు. దారిన పోయేవారు సంగతేమిటని అడగడం, ఇతను చెప్పడం, వారు ఆ పొరుగువాణ్ణి తిట్టడం మొదలయ్యాయి. చివరకు ఆ పొరుగువాడే వచ్చి, ఇంటికి తిరిగి వెళ్లు, ఇక నా వల్ల నీకు ఏ కష్టమూ కలగదని మాట ఇచ్చాడు. ఓపిక పట్టమన్న నోటితోనే బాధను నలుగురిలోకి తెమ్మన్నారు. దెబ్బకు దెబ్బ తీయమనలేదు, తలుపులు మూసుకుని కుమిలిపొమ్మని కూడా అనలేదు.

ఈ సంఘటనను ఫోనులో గుర్తు చేసినప్పుడు ఆమె నవ్వారు. "నా సామాను వీధిలో పెడితే ఈ వర్షానికి తడిసిపోతుంది" అన్నారు. ఆ దేశంలో సామాను వీధిలో పెట్టనక్కర్లేదు. ఒక నోటు పుస్తకం చాలు.

ఇంగ్లండు, వేల్స్ ప్రాంతాలలో ఇటువంటి వేధింపులను ఎదుర్కొనడానికి 2014లో ప్రత్యేక చట్టం చేశారు. ఇరుగుపొరుగు వారికి కలత, భయం, బాధ కలిగించే ప్రవర్తనను అక్కడ యాంటీ సోషల్ బిహేవియర్ అంటారు. తక్షణ ప్రమాదం ఉంటే, అంటే తలుపు బద్దలుకొడుతున్నా, మంట పెట్టినా, చేయి చేసుకున్నా 999కు ఫోను చేయాలి. మిగిలిన సందర్భాలలో పోలీసుల నంబరు 101. సెల్‌ఫోనులో 999 పిలిచి మాట్లాడలేని పరిస్థితి ఉంటే, అడిగినప్పుడు 55 నొక్కాలి. మాట లేకపోయినా ఆ పిలుపు పోలీసులకు చేరుతుంది. ఇంగ్లీషు తడబడే పెద్దవారు 'ఉర్దూ' అన్న ఒక్క మాట చెప్పినా అనువాదకుని సహాయం కోరినట్లే. "ఇంత చిన్న విషయానికి పోలీసులా?" అని సంకోచించకూడదు. ఫిర్యాదు లేనిచోట వేధింపు కూడా లేనట్లే ఆ వ్యవస్థ లెక్క వేస్తుంది.

నోటు పుస్తకంలో తేదీ, సమయం, ఎంతమంది వచ్చారు, ఏం చేశారు, ఎంతసేపు ఉన్నారు అన్నవి అప్పటికప్పుడు రాయాలి. ఫిర్యాదు చేసిన ప్రతిసారీ రిఫరెన్స్ నంబరు అడిగి పక్కనే రాసుకోవాలి. దీనికి గట్టి కారణమే ఉంది. పదేపదే ఫిర్యాదు చేసినా ఫలితం లేదనిపిస్తే బాధితులు కేస్ రివ్యూ కోరవచ్చు. పూర్వం దీనిని కమ్యూనిటీ ట్రిగ్గర్ అనేవారు. ఆరు నెలలలో మూడు ఫిర్యాదులు ఉంటే, పోలీసులు, కౌన్సిల్, తదితర సంస్థలు కలిసి కూర్చుని తాము ఇంతవరకు ఏం చేశామో సమీక్షించుకోక తప్పదు. కొన్నిచోట్ల ఇంతకన్నా తక్కువకే అవకాశం ఇస్తారు. జరిగిన సంగతిని నెల లోపల తెలిపి ఉండాలి. 'మొన్నటి వేసవి నుండి ఇలాగే ఉంది' అంటే ఆ లెక్కలోకి రాదు. ఆమె దగ్గర అప్పటికి సరిగ్గా ఒక్క తేదీ కూడా లేదు. అద్దెకు ఉండేవారైతే ఇంటి యజమాని సంస్థకు కూడా తెలియజేయాలి. కుర్రాళ్లు హిజాబును గురించో, మతాన్ని గురించో, రంగును గురించో మాట్లాడితే ఆ మాట కూడా ఉన్నదున్నట్లు రాసి ఫోనులో తప్పక చెప్పాలి. దానిని ద్వేషపూరిత నేరంగా విడిగా నమోదు చేస్తారు. ఈమె విషయంలో అటువంటిది జరగలేదు.

కొన్ని పనులు చేయకూడదు. కర్ర పట్టుకుని వెంటపడరాదు. కుర్రాణ్ణి చేయి పట్టి ఆపరాదు. ఫోటో తీసి ఊరంతా పంచిపెట్టరాదు. తలుపు గంటకు కెమెరా పెట్టించుకోవచ్చు, చాలామంది పెట్టించుకుంటున్నారు. అది వీధినీ పక్కింటి ముంగిలినీ చూస్తుంటే మాత్రం అక్కడి వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వర్తిస్తుంది. కనుక మన గుమ్మం వరకే కనబడేలా అమర్చుకోవాలి. తలుపుకు గొలుసు, బయటి మనిషిని చూసే కంటిరంధ్రం ఎలాగూ ఉండాలి.

అక్టోబరు చివర, నవంబరు మొదట ఈ బాధ ముదరడానికి కారణం ఉంది. అక్టోబరు చివరి ఆదివారం నాడు అక్కడ గడియారాలు ఒక గంట వెనక్కి జరుపుతారు. దానితో సాయంత్రం 5 కాకముందే చీకటి పడుతుంది. అక్టోబరు 31న హాలోవీన్, పిల్లలు వేషాలు వేసుకుని ఇంటింటికీ మిఠాయిలు అడుగుతూ వస్తారు. నవంబరు 5న బాణసంచా రాత్రి. మామూలు రోజులలో రాత్రి 11 నుండి ఉదయం 7 వరకు బాణసంచా కాల్చడం అక్కడ నేరం. నవంబరు 5న మాత్రం అర్ధరాత్రి దాకా అనుమతి ఉంది. చిన్న పిల్లలు తల్లిదండ్రుల వెంట మిఠాయికి రావడాన్నీ, పెద్ద కుర్రాళ్లు గుడ్లు విసరడాన్నీ ఒకే గాటన కట్టకూడదు. ఆ రోజు ఎవరూ రావద్దనుకునేవారు తలుపుకు అంటించుకోవడానికి చాలాచోట్ల పోలీసులే ముద్రించిన కాగితాలు ఇస్తారు.

ఆమె 101కు ఫోను చేశారు. ఒకసారి కాదు, నాలుగుసార్లు. మొదటి రెండుసార్లు ఎవరూ రాలేదు. కేసు నంబరు మాత్రమే వచ్చింది. మూడవ ఫోను తర్వాత కమ్యూనిటీ సపోర్ట్ ఆఫీసరు ఒకామె వచ్చి, టీ తాగి, నోటు పుస్తకం ఫోటోలు తీసుకువెళ్లారు. ఈలోగా ఆమె మరొక పని చేశారు. పదిహేనేళ్లుగా తలవంచి పలకరించడమే తప్ప గుమ్మం దాటి వెళ్లని ఎదురింటి ఆంగ్లేయ ముసలమ్మ వద్దకు వెళ్లి సంగతి చెప్పారు. ఆమె కిటికీ కూడా పగిలిందట! ఇద్దరూ ఒకరికి తెలియకుండా ఒకరు దీపాలు ఆర్పుకుని కూర్చుంటున్నారు.

కుర్రాళ్లు ముగ్గురని తేలింది. వయసు పన్నెండు, పదమూడు. అక్కడ పదేళ్లు నిండితే నేరానికి బాధ్యుణ్ణి చేస్తారు గాని, ఇంత చిన్న వయసు వారి విషయంలో మొదట తల్లిదండ్రులతో, బడితో మాట్లాడి, ఇకమీదట ఇలా ప్రవర్తించనని లిఖితపూర్వకంగా ఒప్పించడమే సాధారణంగా జరుగుతుంది. ఇక్కడా అదే జరిగింది. ఆ ముగ్గురి గురించి తెలిసిన రాత్రి ఆమె మాకు మళ్లీ ఫోను చేశారు. గొంతు మారిపోయింది. ముగ్గురిలో ఒకడు మన పిల్లవాడు. తండ్రి రాత్రిళ్లు టాక్సీ నడుపుతాడు, జుమాలో మొదటి వరుసలో నిలబడతాడు.

ఇక్కడ మేము కాస్త ఆగుతాము. పరాయి దేశం, పరాయి పిల్లలు అని మొదటి రోజు నుండి ఆమె మనసులో, నిజం చెప్పాలంటే మా మనసులో కూడా, ఒక చిత్రం స్థిరపడిపోయింది. అనుమానాలలో కొన్ని పాపాలని హుజురాత్ సూరా హెచ్చరిస్తున్నా మనం అంత సులభంగా విడిచిపెట్టము. 2010 తర్వాత ఇంగ్లండులో స్థానిక సంస్థలు యువజన కేంద్రాల మీద పెట్టే ఖర్చు బాగా తగ్గిపోయింది. చాలా కేంద్రాలు మూతబడ్డాయి. చీకటి పడ్డాక పన్నెండేళ్ల కుర్రవాడు ఎక్కడికి వెళ్లాలి? ఆ గోడ మీదికే. ఇది వారి అల్లరికి క్షమాపణ కాదు. నాన్న పనిలో, అమ్మ అలసటలో, పిల్లవాడు వీధిలో ఉన్న ఇల్లు మన ఊళ్లలోనూ కొత్తేమీ కాదు.

హిజ్రీ 8వ సంవత్సరం, హునైన్ యుద్ధం నుండి తిరిగి వస్తున్న దారి. నమాజు వేళ అయింది. దైవప్రవక్త (స) వారి ముఅజ్జిన్ అజాన్ పలుకుతున్నారు. మక్కా కుర్రాళ్ల గుంపు ఒకటి దూరం నుండి ఆ పిలుపును వెక్కిరిస్తూ అరవసాగింది. నేటి మాటల్లో చెప్పాలంటే అల్లరి మూక. దైవప్రవక్త (స) వారిని పిలిపించారు. నాకు వినిపించిన ఆ పెద్ద గొంతు ఎవరిదని అడిగారు. అందరూ ఒకడి వైపు వేలు చూపారు. మిగతావారిని పంపివేసి అతణ్ణి ఆపారు. అతను శిక్షకు సిద్ధపడి ఉంటాడు. లేచి నిలబడి అజాన్ చెప్పమన్నారు. ఒక్కొక్క పలుకూ తామే నేర్పించారు. ముగిశాక వెండి ఉన్న చిన్న సంచి ఇచ్చి, నుదుటి మీద చేయి వేసి నిమిరి, శుభం కోరి దుఆ చేశారు. ఆ ఘడియ వరకు తన మనసులో ఉన్న ద్వేషమంతా ప్రేమగా మారిపోయిందని ఆ కుర్రవాడే తర్వాత చెప్పుకున్నాడు. ఆయనే హజ్రత్ అబూ మహ్జూరా (రజి). మక్కాలో అజాన్ పలికే బాధ్యత తనకు ఇమ్మని కోరి, పొంది, జీవితాంతం నిర్వహించారు.

గమనించవలసింది ఒకటుంది. దైవప్రవక్త (స) వినీ విననట్లు ముందుకు సాగిపోలేదు. పిలిపించారు, విచారించారు, ఎవరు చేశారో తేల్చారు. దయ ఆ తర్వాత వచ్చింది. వృద్ధులకు దయ గురించే చెప్పి, విచారణ సంగతి వదిలేసేవారితో మేము ఏకీభవించము. ఒంటరి స్త్రీ చీకట్లో తలుపు తీసి కుర్రాళ్లను లోపలికి పిలిచి బిస్కట్లు పెట్టాలని ఎవరూ చెప్పరాదు. అది వారి పెద్దల సమక్షంలో, పగటిపూట, ఆమెకు ఇష్టమైతేనే జరగాలి.

అలాగే జరిగింది కూడా, పూర్తిగా కాకపోయినా. ముగ్గురిలో ఇద్దరు తల్లుల వెంట వచ్చి క్షమాపణ చెప్పారు. టాక్సీ తండ్రి కొడుకును తానే తీసుకువచ్చి, రెండు ఇళ్ల కిటికీలూ కడిగించాడు. మూడవ కుర్రవాడు రాలేదు. వాడు ఇప్పటికీ సైకిలు మీద పోతూ గట్టిగా ఈల వేస్తాడట. వాడి పేరు ఆమెకు తెలుసు కాబట్టి ఈలకు భయం లేదంటారు.

పిల్లలకు చెప్పడం మాత్రం అన్నిటికన్నా కష్టమైంది. కూతురు విన్న వెంటనే, "అమ్మీ, రేపే వచ్చేయండి, ఆ ఇల్లు వద్దు" అంది. తల్లి భయపడింది సరిగ్గా ఈ మాటకే. విదేశాలలో పెద్దవారిని ఉంచుకున్న కుటుంబాలు మన పాఠకులలో చాలా ఉన్నాయి. వారికి మేము చెప్పేదేమంటే, 'బాగున్నారా?' అన్న ప్రశ్నకు 'బాగున్నాను' తప్ప వేరే జవాబు రాదు. ఈ వారం జుమాకు వెళ్లారా, ముందుగదిలో కూర్చున్నారా, సాయంత్రం ఎవరైనా తలుపు తట్టారా అని అడగాలి. కష్టం చెప్పగానే ఇల్లు మారమనే పిల్లలకు పెద్దలు రెండవసారి కష్టం చెప్పరు. మస్జిదు కమిటీలకు కూడా ఒక మాట. ఒంటరిగా ఉండే పెద్దల జాబితా ఒకటి రాసి పెట్టుకుని, చలికాలంలో వారానికి ఒక్కసారైనా వారి గుమ్మం వరకు ఎవరో ఒకరు వెళ్లే ఏర్పాటు చేయడానికి నిధులు అక్కర్లేదు. ఆమె మస్జిదులో ఇప్పుడు ఇద్దరు ఆడపిల్లలు జుమాకు వెళ్తూ ఆమెను వెంట తీసుకుపోతున్నారు.

చిరునామా మార్పు సంగతి మేము మరచిపోలేదు. మా చందాదారుల పుస్తకంలో లండను చిరునామా రాసి, జనవరిలో ఆమె కోరిక మీదే కొట్టివేసి, పాతది తిరిగి రాశాము. సంచిక అందిన రోజు ఆమె ఫోను చేశారు. ఉత్తరాల రేకు చప్పుడైందట. ముందుగదిలోనే ఉన్నారట.