నేర గణాంకాలు (భారతదేశం)

ఒక ప్రాంతంలో నిర్ణీత కాలంలో పోలీసుల వద్ద నమోదైన నేరాల సంఖ్యలను నేర గణాంకాలు అంటారు. భారతదేశంలో వీటిని 1986లో ఏర్పడిన జాతీయ నేర గణాంకాల సంస్థ రాష్ట్రాల నుండి సేకరిస్తుంది. "క్రైమ్ ఇన్ ఇండియా" అనే వార్షిక నివేదిక మాత్రం 1953 నుండే వెలువడుతున్నది.

లెక్కించే విధానం

లక్ష జనాభాకు నమోదైన కేసుల సంఖ్యను నేరాల రేటు అంటారు. చిన్న, పెద్ద రాష్ట్రాలను పోల్చుటకు ఇది ఉపయోగపడుతుంది. ఒకే ఎఫ్.ఐ.ఆర్.లో పలు నేరాలున్నపుడు అత్యంత తీవ్రమైనదానినే లెక్కిస్తారు. ఉదాహరణకు దొంగతనానికి వచ్చినవాడు హత్య చేస్తే అది హత్యల లెక్కలోనే చేరుతుంది.

పరిమితులు

ఈ అంకెలు నమోదైన కేసులను చూపుతాయి గాని జరిగిన నేరాలన్నిటినీ చూపవు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, శారీరక లేదా లైంగిక హింసకు గురైన మహిళలలో ఎవరి సహాయమైనా కోరినవారు 14 శాతమే. దేశంలో 2012లో 24,923 అత్యాచార కేసులు నమోదు కాగా, 2013లో 33,707 నమోదయ్యాయి. 2012 డిసెంబరు నాటి ఢిల్లీ ఘటన తరువాత 2013లో చట్టాన్ని సవరించి, నేర నిర్వచనాన్ని విస్తరించారు. ఇటువంటి ఫిర్యాదును నమోదు చేయకపోవడాన్ని కూడా శిక్షార్హం చేశారు. కావున కేసులు పెరిగినంత మాత్రాన హింస అదే మేరకు పెరిగినదని చెప్పలేము. కేసులు తక్కువగా ఉన్నచోట భద్రత ఎక్కువనీ చెప్పలేము.

పోలికలో జాగ్రత్తలు

హత్యలను దాచుట కష్టం గనుక, ప్రాంతాల మధ్య హింసను పోల్చుటకు హత్యల రేటు ఎక్కువ నమ్మదగినది. 2014 జూన్ 2కు ముందరి ఆంధ్రప్రదేశ్ అంకెలలో తెలంగాణ కూడా కలిసి ఉన్నందున, వాటిని నేటి అంకెలతో నేరుగా పోల్చరాదు.