పాముపిల్లను పెంచుకోవచ్చా, సిస్టర్?



గత వానాకాలంలో ఒక పదేళ్ల బాబు జ్వరంతో మా ఆసుపత్రికి వచ్చాడు. సూది వేసేటప్పుడు కూడా చేతిలోని సంచి వదలలేదు. తెరిచి చూస్తే ప్లాస్టిక్ డబ్బా, మూతకు చిల్లులు, లోపల మూరెడు కూడా లేని పాముపిల్ల! "నీటిపామే సిస్టర్, కరవదు. పాలు పోస్తే తాగడం లేదు. ఇంకేం పెట్టాలి?" అని అడిగాడు.

డబ్బాను ఒక గదిలో పెట్టి తాళం వేసి, పాములు పట్టే కార్యకర్తను పిలిపించాము. అది కట్లపాము పిల్ల అని ఆయన చెప్పారు. బాబు రెండు రాత్రులు దాన్ని మంచం కింద పెట్టుకుని పడుకున్నాడట. తల్లి అక్కడే కూలబడిపోయింది.

పాము పిల్లయినా దానికి విషం ఉంటుంది. విషం లేని కొన్ని పాములు చూడటానికి అచ్చం కట్లపాములాగే ఉంటాయి. అందుకే చూసి పోల్చుకోగలమని అనుకోవద్దు. పాము పాలు తాగి జీర్ణం చేసుకోలేదు. పైగా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నాగుపాము, జెర్రిపోతు, కొండచిలువ వంటి మన పాములను పట్టి పెంచడం నేరం.

విదేశీ పాము సంగతేమిటి?

బాల్ పైథాన్ అనే ఆఫ్రికా కొండచిలువకు విషం లేదు. కానీ దాన్ని ఉంచుకునేవారు 2024 నాటి నిబంధనల ప్రకారం ప్రభుత్వ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. అది 20 ఏళ్లకు పైగా బతకగలదు. పెట్టెలో ఒక వైపు 32 డిగ్రీల వెచ్చదనం, మరో వైపు కొంత చల్లదనం, దాక్కునే చోటు, మంచినీళ్లు, తగిన పరిమాణంలో ఎలుకలు కావాలి. కరెంటు పోయినా ఆ వేడి తగ్గకూడదు. పాముల ఒంటిపై సాల్మొనెల్లా క్రిములు ఉండవచ్చు. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలి. ఐదేళ్లలోపు పిల్లలున్న ఇంట్లో వద్దనే మా సలహా.

ఇంట్లో పాము కనిపిస్తే

పటాన్‌చెరు, పాశమైలారం, సంగారెడ్డి చుట్టూ ఫ్యాక్టరీలు, పొలాలు పక్కపక్కనే ఉన్నాయి. చెత్త ఉన్నచోట ఎలుకలు, ఎలుకలున్నచోట పాములు. కొట్టవద్దు, పట్టవద్దు. దూరం నుంచి గమనిస్తూ అటవీశాఖకు గాని, 1995 నుంచి హైదరాబాద్‌లో పనిచేస్తున్న ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీకి గాని తెలపండి. షెడ్లలో నేలమీద పడుకునే సోదరులు మంచం, దోమతెర వాడాలి.

కాటు వేస్తే

• కదలకుండా ఉంచి, కాటు పడిన చేతికి లేదా కాలికి బద్ద కట్టండి. ఉంగరాలు, కడియాలు తీసేయండి.

• గట్టిగా తాడు కట్టడం, కోయడం, నోటితో పీల్చడం, పసరు పోయడం వద్దు.

• పాము కోసం వెతకవద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి.

కట్లపాము కాటుకు వాపు, నొప్పి దాదాపు ఉండవు. పంటి గాటు కూడా కనిపించకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడం, మింగలేకపోవడం కనిపిస్తే ఆలస్యం చేయకండి. మన దేశంలో తయారయ్యే మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర విషాలకు పనిచేస్తుంది. కానీ అది ఆసుపత్రిలోనే ఇవ్వాలి.

ఆ కార్యకర్త డబ్బా తీసుకుని వెళ్తుంటే బాబు "దాన్ని చంపుతారా?" అని ఏడ్చాడు. అడవిలో వదులుతారని చెప్పాము. అప్పుడు గాని వాడు సంచి మా చేతికివ్వలేదు. మీ పిల్లలకు జీవాల మీద ఉన్న ప్రేమను తిట్టి పోగొట్టకండి. దూరం నుంచి చూసి ప్రేమించడం నేర్పండి.