టైమ్ మెషీన్‌లో రాయలవారి దగ్గరికి

సైన్స్ ఫిక్షన్ అనగానే మనకు రాకెట్లూ, రాబోయే కాలమూ గుర్తుకొస్తాయి. కాని సింగీతం శ్రీనివాసరావుగారు 1991లో తీసిన 'ఆదిత్య 369' ముందు వెనక్కే నడిచింది. హెచ్.జి. వెల్స్ 1895 నాటి నవలలో యంత్రం భవిష్యత్తుకు పోతే, మన యంత్రం 1526లో, శ్రీకృష్ణదేవరాయల విజయనగరంలో దిగింది. ఆ తరవాతే 2504కు వెళ్ళింది. రాయలుగానూ, ఈ కాలపు కృష్ణకుమార్‌గానూ బాలకృష్ణే నటించారు.

మొన్న సెలవుల్లో ఆ సినిమా మా మనవరాలికి చూపించాను. చెన్నైలో పుట్టిన పిల్ల. తెలుగు మాట్లాడుతుంది గాని చదవలేదు.

"తాతయ్యా, అయిదొందల ఏళ్ళ కిందటి రాజుగారి మాటలు వాళ్ళకెలా అర్థమయ్యాయి?" అంది.

"ఆయన తెలుగులోనే కావ్యం రాశారమ్మా. ఇక్కడి శ్రీవిల్లిపుత్తూరు ఆండాళ్ కథే ఆయన 'ఆముక్తమాల్యద'" అన్నాను.

"అయితే ఆ పుస్తకం ఇయ్యి, చదువుతా" అని, వెంటనే నాలుక కరుచుకుంది. "నాకు అక్షరాలు రావుగా!"

తప్పు దానిది కాదు, మాది. ఆ ఆదివారమే పలక కొన్నాను. ఇప్పుడు గుణింతాల్లో ఉన్నాం. రాయలవారి దాకా చాలా దూరముంది గాని, బండి కదిలింది.