ముప్ఫై రెండు కిలోబైట్ల జ్ఞాపకం

కంప్యూటర్ నెమ్మదించిందనిపించగానే చాలామంది చేసే పని, వేగం పెంచుతామనే ఉచిత సాఫ్ట్‌వేర్ కోసం వెతకడం. రిజిస్ట్రీ శుభ్రం చేస్తామనీ, ర్యామ్ ఖాళీ చేస్తామనీ ఊరించే ఈ సరుకులో ఎక్కువభాగం దండగ. ఖాళీగా పడి ఉన్న ర్యామ్ వల్ల ఎవరికీ ఒరిగేదేమీ లేదు. అది వాడుకోవడానికే ఉంది. డెస్క్‌టాప్ నుంచి నిజంగా ఎక్కువ పని రాబట్టే ఉచిత పనిముట్లు వేరే రకం. అవి ఒక్క పని పెట్టుకుంటాయి. మనం డబ్బు పోసి కొన్న ప్రాసెసర్‌నూ మెమరీనీ ఆ పనికి గట్టిగా వాడతాయి. ఎలా చేస్తున్నాయో దాచవు. ఫైళ్లను కుదించే 7-జిప్ అలాంటిది. దాని బలమంతా ఎవరి సొంతమూ కాని ఒక గణిత పద్ధతిలో ఉందని నా వాదన.

ఆ పద్ధతికి మూలం 1977లో ఉంది. ఇజ్రాయెల్‌లోని హైఫాలో ఉన్న టెక్నియన్ సంస్థకు చెందిన యాకోబ్ జివ్, అబ్రహాం లెంపెల్ ఆ ఏడాది ప్రచురించిన పరిశోధనా పత్రంలోని ఆలోచన మన రిజిస్ట్రేషన్ దస్తావేజులు రాసేవాళ్లకు కొత్తేమీ కాదు. సర్వే నంబరు, హద్దులు ఒకసారి రాశాక, ఆ తర్వాత ‘సదరు ఆస్తి’ అంటే చాలు. అలాగే ఒక బైట్ల వరుస ఫైల్లో రెండోసారి వస్తే దాన్ని మళ్లీ రాయకుండా, ఎన్ని బైట్లు వెనక్కి వెళ్లాలో, అక్కడినుంచి ఎన్ని బైట్లు తెచ్చుకోవాలో రెండు సంఖ్యల్లో చెబుతారు. ఇది తెలుగుకు బాగా కలిసొస్తుంది. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు అక్షర సంకేతానికీ మూడు బైట్లు పడతాయి. ‘తెలుగు’ అన్న మాటలో మూడు హల్లులు, మూడు గుణింతపు గుర్తులు కలిపి ఆరు సంకేతాలు, అంటే 18 బైట్లు. ప్రతి సంకేతంలోని మూడు బైట్లలో మొదటిదాని విలువ ఎప్పుడూ 224. రెండోది 176 గానీ 177 గానీ. నిజంగా మారేది ఆ చివరి బైటే. ఇంగ్లిష్ అక్షరం ఒక్క బైటులో సరిపెట్టుకుంటుంటే మనకు మూడు ఎందుకని బాధపడేవాళ్లకు ఇదొక ఊరట: కుదించేసరికి ఆ అదనపు బరువులో చాలాభాగం కరిగిపోతుంది.

ఆలోచన అందరిదీ అయినా దానిమీద వ్యాపారం చేసినవాళ్లు కోర్టుకెక్కారు. అమెరికాలోని మిల్వాకీలో ఫిల్ కాట్జ్ అనే ప్రోగ్రామర్, ఫైళ్లను కుదించడానికి అప్పట్లో బాగా వాడుకలో ఉన్న ఆర్క్ ఫార్మాట్‌కు తనదైన వేగవంతమైన ప్రోగ్రామ్ రాశాడు. ఆర్క్ యజమానులు 1988లో దావా వేశారు. రాజీ కుదిరాక కాట్జ్ 1989లో పీకేజిప్‌ను తెచ్చాడు. ప్రోగ్రామ్‌ను షేర్‌వేర్‌గా అమ్ముకున్నాడు గానీ, జిప్ ఫార్మాట్ ఎలా ఉంటుందో వివరాలన్నీ బయటపెట్టి, ఎవరైనా వాడుకోవచ్చన్నాడు. అతను చేసిన తెలివైన పని ఇదే. అదే కాలంలో జిఫ్ బొమ్మల వెనకున్న ఎల్‌జెడ్‌డబ్ల్యూ పద్ధతికి పేటెంట్ ఉండేది. దాని హక్కుదారు 1994లో ఫీజు అడగడంతో జనం కోపం తెచ్చుకుని పీఎన్‌జీ అనే వేరే బొమ్మల ఫార్మాట్‌ను సృష్టించుకున్నారు. ఆ పీఎన్‌జీ లోపల పనిచేసేది జిప్‌లో కాట్జ్ వాడిన డిఫ్లేట్ పద్ధతే. ఈరోజు వర్డ్ డాక్స్ ఫైలూ, ఎక్సెల్ షీటూ, ఆండ్రాయిడ్ ఏపీకే, ఈపబ్ పుస్తకం అన్నీ జిప్‌లే. నమ్మకం కుదరకపోతే ఏదైనా డాక్స్ ఫైలుకు నకలు తీసి, పేరు చివరనున్న డాక్స్‌ను జిప్ అని మార్చి తెరవండి. లోపల వర్డ్ అనే ఫోల్డరు, దాంట్లో మీరు రాసిన మాటలున్న ఎక్స్‌ఎంఎల్ ఫైలు కనిపిస్తాయి.

అయితే డిఫ్లేట్‌కు ఒక పరిమితి పుట్టుకతోనే వచ్చింది. అది 32 కిలోబైట్ల కంటే వెనక్కి చూడలేదు. డాస్ ప్రోగ్రాములకు 640 కిలోబైట్ల మెమరీయే గొప్పగా ఉన్న రోజుల్లో అది సబబైన లెక్కే. తర్వాత మెమరీ వేల రెట్లు పెరిగినా, పాత ప్రోగ్రాములన్నీ తెరవగలగాలి గనక ఆ హద్దును పెంచే వీల్లేకపోయింది. వంద పేజీల కిందట వచ్చిన పేరాయే మళ్లీ వచ్చినా డిఫ్లేట్‌కు కొత్తగానే ఉంటుంది. రష్యన్ ప్రోగ్రామర్ ఇగోర్ పావ్లోవ్ 1999లో మొదలుపెట్టిన 7-జిప్ సరిగ్గా ఇక్కడే దెబ్బ కొట్టింది. దాని ఎల్‌జెడ్‌ఎంఏ పద్ధతిలో ఈ వెనకచూపును డిక్షనరీ అంటారు. దాన్ని మెగాబైట్లకు, కావాలంటే గిగాబైట్ల దాకా పెంచుకోవచ్చు. పైగా దాని సొంత 7జెడ్ ఫార్మాట్‌లో ఒకే తరహా ఫైళ్లను ఒకదాని వెనక ఒకటి పేర్చి ఒకే ప్రవాహంగా కుదిస్తారు కాబట్టి, ఒక ఫైల్లో ఉన్నది పక్క ఫైలుకూ ఉపయోగపడుతుంది. దీనికి ఖర్చుంది. 64 మెగాబైట్ల డిక్షనరీ పెడితే కుదించేటప్పుడు దాదాపు 700 మెగాబైట్ల ర్యామ్ పడుతుంది, సమయమూ ఎక్కువే. విప్పేటప్పుడు మాత్రం డిక్షనరీకి సరిపడా మెమరీ, కొద్ది సమయం చాలు. ఒకసారి కుదించి పదిమందికి పంపే ఫైలుకు ఇంతకంటే మంచి బేరం లేదు.

హార్డ్ డిస్కులు చవకైపోయాక ఈ తాపత్రయం ఎందుకని అడగొచ్చు. డిస్క్ చవకే గానీ, జీమెయిల్‌లో అటాచ్‌మెంట్ హద్దు ఇప్పటికీ 25 మెగాబైట్లే. పల్లెలో అప్‌లోడ్ వేగం ఎంతో వేరే చెప్పక్కర్లేదు. ఫొటోలు, వీడియోలు కుదించినా తగ్గవు కదా అన్నది మాత్రం గట్టి అభ్యంతరమే, ఒప్పుకోవాలి. జేపెగ్, ఎంపీ4 ఫైళ్లు ముందే కుదించినవి. పెళ్లి ఆల్బమ్‌ను 7-జిప్‌కు అప్పగించడం కరెంటు వృథా. లాభమంతా అక్షరాలున్న ఫైళ్లకూ, డేటాబేసులకూ, స్ప్రెడ్‌షీట్లనుంచి తీసిన పట్టికలకూ. విండోస్‌లోనే ఈ సౌకర్యం ఉందిగా అంటారు. ఉంది. 2023లో విండోస్ 11కు 7జెడ్, రార్ ఫైళ్లు తెరవడం నేర్పుతున్నామని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. దానికి వాడుకున్నది లిబ్‌ఆర్కైవ్ అనే ఓపెన్ సోర్స్ కోడ్! ఇంతకంటే నా వాదనకు సాక్ష్యం ఏం కావాలి?

అయితే ఇలాంటి ఓపెన్ సోర్స్ కోడ్ భద్రత సంగతి అంత తేలిగ్గా తీసేసేది కాదు. ఎల్‌జెడ్‌ఎంఏ కుటుంబానికే చెందిన, లైనక్స్‌లో వాడే ఎక్స్‌జెడ్ కోడ్‌లో ఒక అజ్ఞాత వ్యక్తి సహాయకుడిగా చేరి, ఏళ్ల తరబడి నమ్మకం సంపాదించి, దొంగ దారి పెట్టిన సంగతి 2024 మార్చిలో బయటపడింది. లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తవ్వి పట్టుకున్నాడు. అలా పట్టుబడటం అదృష్టమే, కాదనను. కానీ డబ్బుకు అమ్మే విన్‌రార్ అనే కుదింపు ప్రోగ్రామ్‌లోనూ ఒక లోపం దాదాపు 19 ఏళ్లు దాక్కుని 2019లో వెలుగుచూసింది. ధర పెట్టినంత మాత్రాన భద్రత రాదు. లోపలికి తొంగిచూసే వీలుంటే అనుమానం వచ్చినవాడు దాని అంతు తేల్చగలడు.

వాడేవాళ్లు చేయాల్సింది కొంచెమే. 7-జిప్‌ను అధికారిక సైట్ నుంచే దించుకోండి, వేరే పోర్టళ్ల నుంచి వద్దు. అది తనంతట తాను అప్‌డేట్ కాదు. హెల్ప్ మెనూలో అబౌట్ నొక్కి వెర్షన్ చూసుకోండి; పాతదైతే ఇవాళే మార్చండి.