కారుపై పెయింట్ తుంపరలు పడ్డాయా? థిన్నర్ ముట్టుకునే ముందు ఇది చదవండి!

అపార్ట్‌మెంట్‌కు రంగులు వేస్తున్నారు.. కింద సెల్లార్‌లో గేటుకు, గ్రిల్స్‌కు స్ప్రే కొడుతున్నారు. సాయంత్రానికి చూస్తే కారు బానెట్‌ నిండా సన్నటి చుక్కలు. చేత్తో తడిమితే ఇసుక కాగితంలా గరగర. ఇలాంటప్పుడు చాలామంది వెంటనే పెయింటర్ దగ్గరున్న థిన్నర్ తీసుకుని గుడ్డతో రుద్దేస్తారు. అసలు నష్టం మొదలయ్యేది అక్కడే!

చాలావరకు ఈ తుంపరలు కారు పెయింట్‌లోకి ఇంకవు. గాల్లోనే సగం ఆరిపోయి, పైనున్న క్లియర్ కోట్‌కు అంటుకుని ఉంటాయంతే. ఆ క్లియర్ కోట్ మన వెంట్రుక కంటే పలుచన. థిన్నర్ దాన్ని మెత్తబరిచి మెరుపు పోగొడుతుంది. రీపెయింట్ చేయించిన బండి అయితే కింది రంగు కూడా గుడ్డకు అంటుకుని వచ్చేస్తుంది. కడిగితే పోయే మరక కాస్తా కొత్త పెయింటింగ్ ఖర్చుగా మారుతుంది.

ముందు ఏం చేయాలి?

తుడవడానికి ముందే ఫొటోలు తీసి పెట్టుకోండి. కాంట్రాక్టర్‌తోనో, బీమా కంపెనీతోనో మాట్లాడాల్సి వస్తే అవే ఆధారం. తర్వాత బండిని నీడలో పెట్టి, బాడీ చల్లబడ్డాక కారు షాంపూతో కడగాలి. గోడలకు వేసే ఎమల్షన్ నీటితో కలిపే రంగు కాబట్టి, తడి ఆరకముందే కడిగితే దాదాపు పోతుంది. గేట్లకు వేసే ఎనామెల్ మాత్రం నీటికి లొంగదు.

క్లే బార్‌తో ఇలా..

ఆరిపోయిన చుక్కలకు క్లే బార్ వాడాలి. కారు యాక్సెసరీల షాపుల్లో దొరికే, మైనంలా సాగే ముద్ద ఇది. ముందు ఎవరికీ కనిపించని చోట ప్రయత్నించి చూడండి. ఒక్కసారి ఓ అడుగు మేర మాత్రమే లూబ్రికెంట్ స్ప్రే చేసి, క్లేని తేలిగ్గా ముందుకీ వెనక్కీ జరపాలి. గట్టిగా నొక్కొద్దు. గరగర తగ్గి నున్నగా జారుతుంటే పని అవుతున్నట్టే. మురికి పట్టిన వైపు లోపలికి మడిచి శుభ్రమైన వైపు వాడాలి. క్లే నేల మీద పడిందా.. ఇక పారేయడమే. దానికి అంటుకున్న ఒక్క ఇసుక రేణువు చాలు, బానెట్‌ మీద గీతలు పడటానికి.

చివర్లో వ్యాక్స్ తప్పనిసరి. ఎందుకంటే క్లే మరకతోపాటు పాత వ్యాక్స్‌ను కూడా తీసేస్తుంది. సన్నటి గీతలు కనిపిస్తే ముందు పాలిష్, ఆ తర్వాతే వ్యాక్స్.

అద్దాలపైన, హెడ్‌లైట్లపైన..

విండ్‌షీల్డ్ మీది చుక్కలను సబ్బు నీళ్లు చల్లి, కొత్త బ్లేడును ఏటవాలుగా పట్టి తీయొచ్చు. అదే బ్లేడు బాడీకి తగలనివ్వొద్దు. హెడ్‌లైట్లు ప్లాస్టిక్‌వి కాబట్టి వాటికి బ్లేడూ వద్దు, థిన్నరూ వద్దు.

రంగు మందంగా పడినా, షెడ్డులో కొట్టే హార్డ్‌నర్ కలిపిన పెయింట్ పడినా, మీ బండిది మ్యాట్ ఫినిష్ అయినా ఇంట్లో ప్రయోగాలు చేయొద్దు. డీటెయిలింగ్ షాపుకు తీసుకెళ్లడమే మేలు. అన్నిటికంటే తేలికైన మార్గం మాత్రం ఒకటుంది.. పెయింటర్లు పని మొదలుపెట్టే రోజు బండిని గాలి వాటున లేని చోటికి మార్చేయడం!