కొత్త కెమెరా సరే... మరి పాత సంచీ సంగతేంటి?

కెమెరా కొనేటప్పుడు మనం చూసేవి దాదాపు ఒకటే. ఎన్ని మెగాపిక్సెళ్లు? ఫోర్‌కే వీడియో వస్తుందా? ఈఎంఐ ఎంత పడుతుంది? నాలుగు రివ్యూలు చూస్తాం, పండగ సేల్ దాకా ఆగుతాం, ఆర్డర్ పెట్టేస్తాం. కానీ ఫొటోలు తీయడం మొదలుపెట్టిన ఏడాదికల్లా ఓ విషయం తెలిసొస్తుంది. అసలు డబ్బంతా కెమెరాలో లేదు, పక్కనున్న సంచీలో ఉంది! రెండు మూడు లెన్సులు, ఫ్లాష్, ట్రిగ్గర్లు, నాలుగు బ్యాటరీలు, ఛార్జర్, మెమరీ కార్డులు... ఒక్కోటీ ఒక్కో నెల జీతంలోంచి మిగుల్చుకుని కొన్నవే.

అందుకే కొత్త మోడల్ వచ్చిన ప్రతిసారీ అడగాల్సిన మొదటి ప్రశ్న ‘ఫొటో ఎంత బాగా వస్తుంది’ అని కాదు. ‘నా సంచీలో ఉన్నవాటిలో ఎన్ని దీనికి పనికొస్తాయి?’ అని. చిక్కేంటంటే, దీనికి జవాబు ప్రకటనలో ఉండదు. డబ్బా మీదా ఉండదు.

చిన్న చుక్క.. పెద్ద చిక్కు

కెమెరా నెత్తిన ఫ్లాష్ తగిలించే చోటును హాట్ షూ అంటారు. దాని మధ్యలో గుండ్రటి లోహపు చుక్క ఒకటి ఉంటుంది. షట్టర్ తెరుచుకోగానే కెమెరా ఆ చుక్కను అంచుతో కలుపుతుంది. అంతే, ఫ్లాష్ వెలుగుతుంది. ఇంట్లో లైటు స్విచ్ వేసినంత సింపుల్. దీనికి ఐఎస్‌ఓ 518 అనే అంతర్జాతీయ ప్రమాణం కూడా ఉంది. కాబట్టే చాలా కంపెనీల కెమెరాల మీద వేరే కంపెనీ ఫ్లాష్ పెట్టినా, ఆటోమేటిక్ సౌకర్యాలు లేకపోయినా, కనీసం వెలిగేది.

2019లో క్యానన్ ‘ఈఓఎస్ 200డి మార్క్ 2’ తెచ్చింది. మన దగ్గర కాలేజీ కుర్రాళ్ల నుంచి పెళ్లిళ్లకు అసిస్టెంటుగా వెళ్లేవాళ్ల దాకా చాలామంది కొన్న కెమెరా. బరువు తక్కువ, స్క్రీన్ తిరుగుతుంది, ఫొటో బాగుంటుంది. అంతకుముందు 2017లో వచ్చిన 200డిలో ఉన్న ఆ మధ్య చుక్క మాత్రం ఇందులో లేదు!

దాంతో ఏమైందంటే, క్యానన్ సొంత ఫ్లాషులు పక్కనున్న మిగతా పిన్నుల ద్వారా మాట్లాడుకుంటాయి కాబట్టి వాటికి ఢోకా లేదు. ఆ పిన్నుల భాష తెలిసిన వేరే కంపెనీల ట్రిగ్గర్లు కొన్ని తర్వాత ఫర్మ్‌వేర్ మార్చుకుని దారి వెతుక్కున్నాయి. మధ్య చుక్క మీదే ఆధారపడే చవక ట్రిగ్గర్లు, మాన్యువల్ ఫ్లాషులు, స్టూడియో గొడుగు లైట్లకు పెట్టే పాత రిసీవర్లు మాత్రం మూగబోయాయి.

ఇది తెలియకుండా పెళ్లికెళ్తే? జీలకర్ర బెల్లం పెట్టే క్షణంలో ఫ్లాష్ వెలగకపోతే, ‘ఇంకోసారి పెట్టండి’ అని అడగలేం కదా. మూడు ముళ్లకు రీటేక్ ఉండదు. నష్టం ఒక ట్రిగ్గర్ ఖరీదు కాదు, ఆ కుటుంబం దగ్గరా ఆ ఊళ్లోనూ పోయే పేరు.

ఇటుక పెట్టి ఎత్తు పెంచొచ్చు

అలాగని ప్రతి మార్పునూ తిట్టేయడం న్యాయం కాదు. కొన్నిటి వెనక నిజమైన కారణం ఉంటుంది. లెన్సు బిగించే మౌంటు సంగతే చూడండి.

లెన్సు బిగించే అంచు నుంచి సెన్సర్ దాకా ప్రతి మౌంటుకూ ఒక కచ్చితమైన దూరం ఉంటుంది. డీఎస్‌ఎల్‌ఆర్‌లో మధ్యలో అద్దం లేచి దిగాలి కాబట్టి ఆ దూరం ఎక్కువ. క్యానన్ ఈఎఫ్ మౌంటుకు 44 మిల్లీమీటర్లు, నికాన్ ఎఫ్ మౌంటుకు 46.5. మిర్రర్‌లెస్ కెమెరాల్లో అద్దమే లేదు. దాంతో క్యానన్ ఆర్‌ఎఫ్ 20కి, నికాన్ జెడ్ 16కి తగ్గాయి. ఈ రెండూ 2018లోనే వచ్చాయి. వెనక గాజును సెన్సర్‌కు దగ్గరగా జరపగలిగితే లెన్సు తయారుచేసేవాళ్లకు చేతులు కట్టేసినట్టుండదు.

మరి పాత లెన్సులు? ఇక్కడ లెక్క సులువు. పొట్టి కుర్చీ కింద ఇటుక పెట్టి ఎత్తు పెంచొచ్చు, కానీ పొడుగు కుర్చీని దించడానికి నేల తవ్వలేం. 44 కోసం చేసిన లెన్సును 20 దూరమున్న కెమెరాకు తగిలించాలంటే మధ్యలో 24 మిల్లీమీటర్ల రింగు పెడితే సరి. అదే అడాప్టర్. అందుకే 1987లో కొన్న ఈఎఫ్ లెన్సు కూడా ఇప్పటి ఆర్‌ఎఫ్ కెమెరా మీద ఆటోఫోకస్‌తో సహా పనిచేస్తుంది.

ఆ 1987కీ ఒక కథ ఉంది. అంతకుముందు క్యానన్‌ది ఎఫ్‌డీ మౌంటు. ఆటోఫోకస్ కోసం దాన్ని పూర్తిగా పక్కనపెట్టి, ఈఓఎస్ కెమెరాలతో ఈఎఫ్ తెచ్చింది. ఎఫ్‌డీ దూరం 42, ఈఎఫ్‌ది 44. అంటే ఇటుక పెట్టే వీలు లేదు, నేల తవ్వాలి. పాత లెన్సుల మీద బోలెడు డబ్బు పెట్టిన ఫొటోగ్రాఫర్లు మండిపడ్డారు. వాళ్ల బాధలో నిజముంది. కానీ ఆ ఒక్క దెబ్బతో వచ్చిన ఈఎఫ్ మౌంటు మూడు దశాబ్దాలకు పైగా నిలబడింది. ఒకసారి నొప్పించి, తర్వాత మాట నిలబెట్టుకున్న బాపతు ఇది.

మాట నిలవని కథా ఉంది. అదే కంపెనీ 2012లో చిన్న మిర్రర్‌లెస్ కెమెరాల కోసం ఈఎఫ్-ఎం అనే మౌంటు తెచ్చింది. దూరం 18 మిల్లీమీటర్లు. వ్లాగర్లు ఇష్టపడ్డ ఎం50 ఈ కుటుంబంలోదే. ఆ తర్వాత వచ్చిన ఆర్‌ఎఫ్‌కు 20 పెట్టారు. రెండే రెండు మిల్లీమీటర్ల తేడా! ఈఎఫ్-ఎం లెన్సును ఆర్‌ఎఫ్ కెమెరాకు వంతెన వేసే దారి దాదాపు మూసుకుపోయింది. 2018లో ఆర్‌ఎఫ్ వచ్చాక కూడా, 2020లో ఎం50 మార్క్ 2ను మార్కెట్లోకి వదిలారు. ఇప్పుడు ఆ కుటుంబమే లేదు. అప్పుడు కొన్నవాళ్లు కొత్త కెమెరాకు మారాలంటే లెన్సులతో సహా మళ్లీ మొదటి మెట్టు నుంచే.

బిగుసుకుంటుంది.. కానీ పనిచేయదు

ఇంకో రకం ఉంది. పైకి అంతా పాతలాగే కనిపిస్తుంది, తీరా చూస్తే సగమే పనిచేస్తుంది.

నికాన్ తన ఎఫ్ మౌంటును 1959 నుంచి కాపాడుకుంటూ వచ్చింది. గొప్ప విషయమే. కానీ పాత ఏఎఫ్ లెన్సుల్లో మోటారు ఉండదు. కెమెరాలోని మోటారు ఒక చిన్న ఇరుసును తిప్పితే ఫోకస్ అయ్యేది. 2006లో వచ్చిన డి40లో ఆ మోటారు తీసేశారు. తర్వాతి చవక మోడళ్లూ అదే బాట పట్టాయి. అంటే డి రకం 50 ఎంఎం లెన్సును తక్కువకు దొరికిందని కొంటే, కెమెరాకు చక్కగా బిగుసుకుంటుంది, ఫోకస్ మాత్రం మనమే చేత్తో తిప్పుకోవాలి. మిర్రర్‌లెస్‌కు మారినవాళ్ల కోసం తెచ్చిన ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌లో కూడా మోటారు పెట్టలేదు.

ఇలాంటి సగం పొత్తు ఒక్కోసారి పూర్తి తెగతెంపులకన్నా ఇబ్బంది. అసలు పట్టకపోతే కొనం. పడితే పనిచేస్తుందనే నమ్ముతాం కదా!

బ్యాటరీల గోల

బైక్ రైడర్లకు ఇష్టమైన గోప్రోనే తీసుకోండి. హీరో 9 నుంచి 12 దాకా నాలుగు మోడళ్లకు ఒకే రకం బ్యాటరీ సరిపోయింది. లద్దాఖ్ ట్రిప్ కోసం నాలుగైదు స్పేర్ బ్యాటరీలు కొనుక్కున్నవాళ్లు ఎందరో. 2024లో హీరో 13 బ్లాక్ వచ్చింది. బ్యాటరీ 1720 నుంచి 1900 ఎంఏహెచ్‌కు పెరిగింది. లాభమే. కానీ పాత బ్యాటరీలు దీనికి పట్టవు. విచిత్రమేంటంటే, హెల్మెట్‌కు తగిలించే ఆ వేళ్లలాంటి మౌంటును మాత్రం ఇదే కంపెనీ ఏళ్ల తరబడి మార్చలేదు. అనుకుంటే నిలబెట్టగలరన్నమాట.

క్యానన్ ఎల్‌పీ-ఈ6 బ్యాటరీ దీనికి మంచి ఉదాహరణ. 2008లో 5డి మార్క్ 2తో వచ్చింది. లోపల సామర్థ్యం పెరుగుతూ పోయినా ఆకారం మారకుండా డీఎస్‌ఎల్‌ఆర్‌ల నుంచి మిర్రర్‌లెస్ దాకా నడిచింది. నికాన్ ఇంకో మంచి పని చేసింది. జెడ్6, జెడ్7 కెమెరాలు ఎక్స్‌క్యూడీ కార్డులతో వచ్చాయి. తర్వాత అదే ఆకారంలో వేగంగా పనిచేసే సీఎఫ్‌ఎక్స్‌ప్రెస్ కార్డులు రాగానే, 2019 చివర్లో ఓ ఫర్మ్‌వేర్ అప్‌డేట్‌తో పాత కెమెరాలకే వాటిని వాడుకునే వీలు ఇచ్చింది. పాత కార్డులూ పనిచేస్తాయి, కొత్తవీ పనిచేస్తాయి. కొన్నవాడికి రూపాయి ఖర్చు లేదు.

సాఫ్ట్‌వేర్‌లో అయితే..

నేను చేసేది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మా దగ్గర పాతది తీసేయడం రోజూ ఉండే పనే. పాత కోడ్‌ను ఎప్పటికీ మోస్తూ కూర్చుంటే కొత్తది రాయలేం, ఇది కెమెరా ఇంజినీర్లకూ వర్తిస్తుంది. కానీ తీసేయడానికి ఒక పద్ధతుంది. దాన్ని డెప్రికేషన్ అంటాం. ముందు ఎవరెవరు వాడుతున్నారో జాబితా తీస్తాం. ‘ఫలానా తేదీ తర్వాత ఇది పనిచేయదు’ అని చెబుతాం. కొత్తదానికి ఎలా మారాలో రాసిస్తాం. కొన్నాళ్లు రెండూ నడుపుతాం. చెప్పకుండా ఆపేస్తే ఆ రాత్రే ఫోన్లు మోగుతాయి.

కెమెరా కొన్నవాడికి ఈ మర్యాద ఎందుకు దక్కకూడదు? మార్చడం తప్పు కాదు. చెప్పకుండా మార్చడం తప్పు. డబ్బా మీద ‘ఈ కెమెరా హాట్ షూలో మధ్య పిన్ను లేదు’ అని ఒక్క లైన్ వేయడానికి ఏమంత ఖర్చవుతుంది?

అడిగితే దారులు తెరుచుకుంటాయని చెప్పే గుర్తులూ ఉన్నాయి. యూరోపియన్ యూనియన్ చట్టం చేశాక 2024 డిసెంబరు 28 నుంచి అక్కడ అమ్మే కొత్త ఫోన్లతో పాటు డిజిటల్ కెమెరాలకూ యూఎస్‌బీ-సీ ఛార్జింగ్ తప్పనిసరైంది. ఇక కెమెరా అడుగున ఉండే ట్రైపాడ్ స్క్రూ చూడండి. పావు అంగుళం మందం, అంగుళానికి 20 చుట్లు. మీ తాతగారి ఫిల్మ్ కెమెరాకు వాడిన స్టాండు పైభాగం బాగుంటే, నేడు కొన్న మిర్రర్‌లెస్ దాని మీద నిలబడుతుంది. ఆ స్క్రూ వల్ల ఏ కంపెనీ దివాలా తీయలేదు.

కొనేముందు అయిదు ప్రశ్నలు

పెద్దలు సంబంధం చూసేటప్పుడు పిల్లాణ్ని ఒక్కణ్నే చూడరు, కుటుంబాన్ని చూస్తారు. కెమెరాకూ అదే సూత్రం.

1. మౌంటు వయసెంత? ఈ మౌంటుకు గత ఏడాదిలో కొత్త లెన్సులు వచ్చాయా? కంపెనీ దృష్టి వేరే మౌంటు మీదకు మళ్లితే, ఆఫర్ ఎంత ఊరించినా ఒకటికి రెండుసార్లు ఆలోచించండి.

2. బయటివాళ్లకు తలుపు తెరిచారా? సోనీ తన ఈ-మౌంటు ప్రాథమిక వివరాలను 2011లోనే ఇతర తయారీదారులకు ఉచితంగా ఇచ్చింది. క్యానన్ ఆర్‌ఎఫ్‌కు ఆటోఫోకస్ లెన్సులు చేస్తామని సిగ్మా, టామ్రాన్ అధికారికంగా ప్రకటించింది 2024లో. బయటి కంపెనీలుంటే ధరలు దిగుతాయి, ఎంపిక పెరుగుతుంది.

3. సంచీ పట్టుకుని షాపుకెళ్లారా? ఆన్‌లైన్‌లో కొన్నా సరే, ముందు ఓసారి కోఠిలోనో మీ ఊళ్లోనో షాపులో మీ ఫ్లాష్, ట్రిగ్గర్, లెన్సు తగిలించి నాలుగు ఫొటోలు తీయండి. బిగుసుకుందా అని కాదు, పనిచేసిందా అని చూడండి.

4. మొత్తం లెక్క వేశారా? బాడీ ధరకు అడాప్టర్, రెండు బ్యాటరీలు, కార్డు, అవసరమైతే కొత్త ట్రిగ్గర్ కలపండి. ఒక్కోసారి ఆ మొత్తం చూశాక పాత కెమెరాకే మంచి లెన్సు కొనుక్కోవడం మేలనిపిస్తుంది. పైగా అందరూ మిర్రర్‌లెస్‌కు మారుతున్నారు కాబట్టి డీఎస్‌ఎల్‌ఆర్ లెన్సులు సెకండ్ హ్యాండ్‌లో బాగానే దొరుకుతున్నాయి.

5. ఆ ఫ్లాష్ మరీ పాతదా? ఫిల్మ్ రోజుల నాటి కొన్ని ఫ్లాషుల్లో ట్రిగ్గర్ వోల్టేజీ 200 దాటేవీ ఉన్నాయి. డిజిటల్ కెమెరా సర్క్యూటు దెబ్బతినొచ్చు. మల్టీమీటర్‌తో కొలిపించి, మీ కెమెరా ఎంత తట్టుకుంటుందో చూసుకున్నాకే తగిలించండి.

ఇవన్నీ అడిగితే షాపువాడు విసుక్కోవచ్చు. విసుక్కోనివ్వండి. రోజుకు పదిమంది ఇదే అడిగితే ఆ ప్రశ్న డిస్ట్రిబ్యూటర్‌కు వెళ్తుంది, అక్కడి నుంచి కంపెనీకి చేరుతుంది. మెగాపిక్సెళ్లు అడిగినన్నాళ్లూ వాళ్లు మెగాపిక్సెళ్లే ఇచ్చారు. ఇక పాత సామాను సంగతీ అడగడం మొదలుపెడదాం.